అమ్మోనియం నైట్రేట్: పొలంలో ఎరువు, గనిలో మందుగుండు, గోదాములో ముప్పు

అమ్మోనియం నైట్రేట్ తెల్లని, వాసన లేని స్ఫటిక లవణం. అమోనియాకు, నత్రికామ్లానికి మధ్య చర్య జరిపి దీనిని పెద్ద ఎత్తున తయారు చేస్తారు. దీని భారంలో 35 శాతం నత్రజని కాగా, 60 శాతం ఆక్సిజన్. నత్రజని వల్ల ఇది ఎరువైంది, ఆక్సిజన్ వల్ల బలమైన ఆక్సీకరణి అయింది. ఇది తనంతట తాను మండదు. తనలోని ఆక్సిజన్‌ను అందించి పక్కనున్న నూనె, కర్ర, కాగితం, గంధకం వంటి వాటిని తీవ్రంగా మండిస్తుంది. అందువల్ల ఇసుక కప్పి, గాలి అందకుండా చేసి దీని మంటను ఆర్పడం సాధ్యం కాదు. సమృద్ధిగా నీరు పోయడమే మార్గం.

నీటిలో కరిగేటప్పుడు ఇది పరిసరాల వేడిని పీల్చుకుంటుంది. బెణుకులకు వాడే కొన్ని తక్షణ శీతల సంచుల్లో ఈ గుణమే పనిచేస్తుంది. సుమారు 170 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి, 210 డిగ్రీలు దాటాక విఘటనం చెందుతుంది. అదుపులో వేడి చేస్తే శస్త్రచికిత్సల్లో మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది. మంటల్లో చిక్కితే మాత్రం ఊపిరితిత్తులను దెబ్బతీసే గోధుమ రంగు నైట్రోజన్ డయాక్సైడ్ పొగ వస్తుంది.

నిల్వకు సంబంధించి కీలకమైన అంకె 32 డిగ్రీలు. ఆ ఉష్ణోగ్రత వద్ద స్ఫటిక నిర్మాణంతోపాటు ఘనపరిమాణమూ మారుతుంది. మన వాతావరణంలో గోదాము ఒక్క రోజులోనే ఈ గీతను పైకీ కిందికీ దాటగలదు. పదే పదే అలా జరిగితే గుళికలు చిట్లి పొడి అవుతాయి. తేమ తోడైతే రాయిలా గడ్డకడతాయి. జర్మనీలోని ఒప్పావు కర్మాగారంలో అమ్మోనియం సల్ఫేట్ కలిసిన ఇలాంటి గుట్టను చిన్న పేలుళ్లతో పగలగొట్టడం పరిపాటి. వేలసార్లు ఏమీ కాలేదు. 1921 సెప్టెంబరు 21న గుట్టలో కొంత భాగం ఒక్కసారిగా పేలి 500 మందికి పైగా మరణించారు.

1947 ఏప్రిల్ 16న అమెరికాలోని టెక్సాస్ సిటీ రేవులో ఒక నౌకలోని సరుకుకు నిప్పంటుకుంది. నీరు పోస్తే సరుకు పాడవుతుందని తలుపులు మూసి ఆవిరిని పంపారు. బంధించిన వేడి పేలుడుకు దారితీసింది. దాదాపు 580 మంది ప్రాణాలు కోల్పోయారు. 2020 ఆగస్టు 4న బైరూత్ రేవులో పేలిన 2,750 టన్నుల సరుకు ఏళ్ల తరబడి గోదాములో పట్టించుకునేవారు లేక పడి ఉన్నదే. అక్కడ 200 మందికి పైగా మరణించారు.

మన దేశంలో ఈ లవణానికి ప్రధాన వినియోగదారు గనుల రంగం. డీజిల్ వంటి ఇంధనం కలిపిన మిశ్రమాన్ని బొగ్గు ఉపరితల గనులు, క్వారీల్లో రాతిని పేల్చడానికి వాడతారు. విదేశీ సరుకుకు విశాఖపట్నం రేవు ముఖ్య ద్వారం. పొలాలకు మాత్రం సున్నపురాయి కలిపి ప్రమాదం తగ్గించిన కాల్షియం అమ్మోనియం నైట్రేట్ చేరుతుంది.

45 శాతానికి మించి అమ్మోనియం నైట్రేట్ ఉన్న మిశ్రమాలను కేంద్రం 2011లో పేలుడు పదార్థాలుగా ప్రకటించింది. 2012 నాటి నిబంధనల ప్రకారం తయారీ, దిగుమతి, రవాణా, నిల్వ, విక్రయాలకు లైసెన్సు తప్పనిసరి. నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ వీటి అమలును చూస్తుంది.

నిబంధనలు ఉన్నా, స్వాధీనం చేసుకున్న సరుకు ఎక్కడికి వెళ్లాలన్నది చాలాకాలం తేలని ప్రశ్నగానే మిగిలింది. 2015లో చెన్నైలో కస్టమ్స్ అధికారులు పట్టుకున్న సుమారు 700 టన్నుల అమ్మోనియం నైట్రేట్ నగర శివారు మనలిలోని కంటెయినర్ల కేంద్రంలో ఐదేళ్లు ఉండిపోయింది. బైరూత్ ఘటన జరిగిన కొద్ది రోజులకే వేలం సరుకుగా దాని తరలింపు హైదరాబాద్‌కు మొదలైంది.