వేటపాలెం సారస్వత నికేతనం: నూరేళ్లు దాటిన అక్షర భాండాగారం

బాపట్ల జిల్లాలోని వేటపాలెం చేనేతకు, జీడిపప్పుకు పేరుపొందిన ఊరు. తెలుగు పరిశోధకులకు మాత్రం ఆ పేరు వినగానే స్ఫురించేది సారస్వత నికేతనం. 1918లో వి.వి. శ్రేష్ఠి చొరవతో వెలసిన ఈ గ్రంథాలయం ప్రజల ఆదరణతో శతవసంతాలు పూర్తి చేసుకుంది.

ఆ రోజుల్లో ఆంధ్రదేశమంతటా గ్రంథాలయోద్యమం ఉద్ధృతంగా సాగింది. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. పఠనాలయాలు జాతీయోద్యమ కేంద్రాలుగానూ పనిచేశాయి. 1929లో ఆంధ్ర పర్యటనకు వచ్చిన మహాత్మా గాంధీ సారస్వత నికేతన భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను ఇక్కడ నేటికీ భద్రపరిచారు.

పాత పత్రికల సంచికలు ఈ గ్రంథాలయానికి తరగని ఆస్తి. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ల సాహిత్యాన్ని, సమాజాన్ని అధ్యయనం చేసేవారు దేశవిదేశాల నుంచి వీటికోసం వస్తారు. మరెక్కడా దొరకని సంచిక ఒక్కటి శిథిలమైనా ఆ మేరకు చరిత్రలో ఒక పుట చిరిగినట్లే.

ఆ పుటలను కాపాడడం తేలిక కాదు. చెక్క గుజ్జుతో తయారైన వార్తాపత్రికల కాగితం కాలక్రమేణా పసుపుబారి పెళుసెక్కుతుంది. సముద్రతీర ప్రాంతపు తేమ బూజుకు, చెదలకు అనుకూలం. అందువల్ల అలమరలను గోడకు ఎడంగా ఉంచడం, ధూళి దులపడం, గాలి ఆడనివ్వడం, బైండింగు సరిచేయించడం ఏ పాత గ్రంథాలయంలోనైనా నిత్యకృత్యాలు. తరచుగా తిరగేసే సంచికలను డిజిటల్ రూపంలోకి మారిస్తే అసలు ప్రతులకు విశ్రాంతి లభిస్తుంది.

ఆవరణ సంరక్షణ సైతం పుస్తక సంరక్షణలో భాగమే. చెట్టు నీడ పఠనమందిరాన్ని చల్లబరుస్తుంది. అయితే వేళ్లు పునాదిని తాకేంత దగ్గరగా చెట్లు ఉండరాదు. గోడల పక్కన పూలమడులకు పెట్టే నీరు లోపలికి చెమ్మగా చేరుతుంది. రాలిన ఆకులు వాన నీటి గొట్టాలకు అడ్డుపడితే పైకప్పు కారుతుంది. వర్షాకాలానికి ముందే తోటను, కప్పును శుభ్రపరచడం ఇందుకే అవసరం.

1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతోపాటు వసూలయ్యే గ్రంథాలయ సుంకం జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఆధారం. ప్రజలు స్వయంగా నెలకొల్పుకున్న గ్రంథాలయాలకు విరాళాలు, చందాలు, అప్పుడప్పుడు అందే గ్రాంట్లే ప్రధాన వనరులు. కొత్త భవనానికి దాతలు ముందుకు వచ్చినంత సులభంగా చెదల మందుకో, బైండరు కూలికో రారు. పాత గ్రంథాలయాల మనుగడ మాత్రం ఏటేటా తప్పని ఆ చిన్న ఖర్చుల మీదే ఆధారపడి ఉంటుంది.