ఊరి నడుమ వెలసిన తెర: తెలంగాణమున చందాదారుల చలనచిత్ర ప్రదర్శనల చరిత్ర

గ్రంథాలయమును, చలనచిత్రమును ఒక్కచోట చేర్చి చెప్పుట కొందఱు పెద్దలకు రుచింపకపోవచ్చును. సినిమా వచ్చిన పిదపనే పఠనాలయమున బల్లలు ఖాళీ అయినవని వాదించువారు ప్రతి గ్రామమునను కలరు. వారి మాటలో కొంత సత్యము లేకపోలేదు. అయినను టిక్కెట్టు కొని చూచు సినిమా వేఱు, చందా కట్టి చూచు సినిమా వేఱు. ఈ రెండవదాని చరిత్ర గ్రంథాలయముల చరిత్రకు దాయాది వంటిది. నియమావళి, కార్యవర్గము, చందా పుస్తకము, చందా బాకీపడిన వారి పట్టిక, ఇవన్నియు రెండింటికిని సమానమే.

సినిమాహాలులో ఏ చిత్రము ఆడవలెనో నిర్ణయించువాడు ప్రేక్షకుడు కాడు. పెట్టె పంపువాడు పంపినదే ఆడును. ఆడినదే జనులు చూతురు. జనులు చూచినదే మరల వచ్చును. పంపిణీదారునకు లాభము తోపని చిత్రము ఎంత గొప్పదైనను పట్టణపు పొలిమేర దాటదు. ఈ చక్రమును తప్పించుకొనుటకై పుట్టినవే ఫిలిం సొసైటీలు. 1925లో లండను నగరమున ఇట్టి సంఘమొకటి వెలసెను. మన దేశమున సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మున్నగువారు 1947లో కలకత్తా ఫిలిం సొసైటీని స్థాపించిరి. 1952లో బొంబాయిలో మొదలై మఱికొన్ని నగరములలో జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున, సైకిలు పోగొట్టుకొన్న పేదవాని కథయగు ఇటలీ చిత్రము ‘బైసికిల్ థీవ్స్’ను చూచి మనవారు ఆశ్చర్యపడిరి. పాటలు లేకుండ, రాజులు లేకుండ, వీథులలోనే తీసిన చిత్రమది. 1959లో సొసైటీలన్నియు కలిసి సమాఖ్యగా ఏర్పడెను. దానికి రాయ్ మొదటి అధ్యక్షుడు.

ఈ సంఘముల పని తీరు తెలిసికొనదగినది. వీనికి టిక్కెట్లు లేవు. సభ్యులకు మాత్రమే ప్రవేశము. సమాఖ్యలో చేరిన సంఘములు సభ్యులకు చూపు విదేశ చిత్రములకు సెన్సారు నియమమునుండి మినహాయింపు లభించెడిది. విదేశ రాయబార కార్యాలయములనుండియు, 1964లో పూనాలో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండాగారమునుండియు ప్రతులు వచ్చెడివి. రేకుపెట్టెలలో రైలెక్కి, ఒక ఊరి సంఘమునుండి మఱియొక ఊరి సంఘమునకు పోయెడివి. గ్రంథాలయమున పుస్తకము చేతులు మాఱినట్లే యిదియును. అయితే ఒక భేదము కలదు. పుస్తకము ఆలస్యముగా తిరిగివచ్చిన నష్టము కొంచెము. పెట్టె ఒక దినము ఆలస్యమైనచో తరువాతి ఊరివారు చీకటి హాలులో కూర్చుండి వట్టి తెరను చూడవలసినదే. రీళ్లు తాఱుమాఱైన కథ ముందు వెనుకలయ్యెడిది. తెలియని భాష, తెరయడుగున ఆంగ్లాక్షరములు! చదువలేని వానికి పక్కవాడు చెవిలో చెప్పవలెను. ఈ కడపటి లోపము వలననే ఉద్యమము చిరకాలము కళాశాలల, ఉద్యోగుల నడుమనే నిలిచిపోయినది. దీనిని దాచిపెట్టి పొగడుటలో అర్థము లేదు.

తెలంగాణమున ఈ పనికి పూనుకొన్నవారిలో ముందుగా చెప్పదగినవాడు శ్యాం బెనెగల్. 1934లో సికిందరాబాదు చెంత తిరుమలగిరిలో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము చదువుచున్న దినములలోనే ఆయన హైదరాబాదు ఫిలిం సొసైటీని నెలకొల్పెను. పరుల చిత్రములు చూచుటతో ఆయన తృప్తి పడలేదు. 1974లో వచ్చిన ‘అంకుర్’ తెలంగాణపు పల్లెలో భూస్వామి కుమారునకును, పనిచేసి బ్రదుకు స్త్రీకిని నడుమ జరిగిన కథ. అందలి భాష బొంబాయి హిందీ కాదు, మన దక్కనీ మాట. నిజాంసాగరు కాలువ క్రింద తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడును వినుచు పెరిగిన బోధను ప్రాంతమువారికి ఆ మాటలు తెలియజెప్ప నక్కఱలేదు.

చెఱకు రైతులు మఱింత ఆసక్తితో వినదగిన ముచ్చట ఇంకొకటి కలదు. 1976లో బెనెగల్ ‘మంథన్’ అను చిత్రమును తీసెను. దానికి పెట్టుబడి పెట్టినవారు గుజరాతు పాడిరైతులు. అయిదు లక్షల మంది, తలకు రెండు రూపాయలు. చిత్రము విడుదలైనప్పుడు తమ చిత్రమును తాము చూచుకొనుటకు వారు లారీలెక్కి పట్టణములకు వచ్చిరి. సారంగపురమున సహకార చక్కెర కర్మాగారము నడచిన కాలమున వాటా అనుమాట ఈ జిల్లా రైతుకును తెలిసినదే. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడి, శక్కర్‌నగరము వెలసి, 2015 డిసెంబరులో మూతపడువఱకును ఎన్ని వేల కుటుంబముల బ్రదుకు దాని చుట్టును తిరిగెను! ఆ బ్రదుకుపై రైతుల వాటాధనముతో ‘మంథన్’ వంటి చిత్రమొకటి వచ్చియుండిన ఎంత బాగుండెడిది!

1974లోనే హైదరాబాదు ఫిలిం క్లబ్బు ఏర్పడినది. అమీరుపేటలోని సారథీ స్టూడియోలో దాని ప్రదర్శనలు జరిగెడివి. పొరుగున కరీంనగరమున స్థాపింపబడిన ఫిలిం సొసైటీ జిల్లా కేంద్రములలో ఇట్టి పని సాగునని నిరూపించి, ఫిలిం భవనమను పేర తనకొక గూడును సంపాదించుకొన్నది. దానికి చిరకాలము వెన్నెముకయైన వారాల ఆనంద్ వృత్తిచే కళాశాల గ్రంథపాలకుడు. ఈ సంగతి పుస్తకప్రియులకు సంతోషము గూర్పక మానదు.

సొసైటీలు పెంచిన అభిరుచి వృథా కాలేదనుటకు నిదర్శనము ‘మా భూమి’. ప్రజ్ఞాపురము వాస్తవ్యుడైన బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా, వంగదేశీయుడు గౌతం ఘోష్ దర్శకుడుగా, కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారముగా తీసిన ఈ చిత్రము 1980 మార్చి 23వ తేదీన విడుదలయ్యెను. సుంకర, వాసిరెడ్డి రచించిన నాటకమునకును ఇదే పేరు కలదు గాని, రెండింటి కథలును వేఱు. రామయ్య అను వెట్టివాని కుమారుడు ఊరు విడిచి పోయి, కార్మికుడై, తిరిగివచ్చి సాయుధ పోరాటమున చేరుట ఇందలి కథ. బండి యాదగిరి పాటను గద్దర్ తెరపై పాడెను. పెద్ద తారలు లేరు. ఉదయపు ఆటలుగా హైదరాబాదులో ఈ చిత్రము చాలకాలము ఆడినది. ఉదయపు ఆట అనగా హాలు యజమాని మిగిలిన వేళ నిచ్చిన చోటు. పెరటి వాకిట వచ్చిన చుట్టము తుదకు నట్టింట కూర్చున్నట్లయ్యెను. నర్సింగరావు పిదప తీసిన ‘దాసి’ 1988 సంవత్సరమునకు అయిదు జాతీయ పురస్కారములను పొందెను. గడీలో దాసియై నలిగిన స్త్రీ కథ యిది. పురస్కారములు వచ్చినను, అట్టి గడీలున్న పల్లెలలో దానిని చూచినవారు కొలదిమందియే.

1980ల నాటి దూరదర్శనమును, వీడియో క్యాసెట్టును సంఘములను చాలవఱకు కృశింపజేసినవి. ఇంటనే చిత్రము దొరకగా చందా కట్టువారెవరు? ఇటీవలి కాలమున హైదరాబాదులో కొంత పునరుజ్జీవనము కలిగినది. 2010లో బంజారాహిల్సునందు ఒక పాత యింట వెలసిన ‘లామకాన్’ నాటకములకు, సంగీతమునకు, హాలులకెక్కని చిత్రములకు, డాక్యుమెంటరీలకు తావిచ్చెను. ‘ఇల్లు లేనిది’ అని ఆ పేరున కర్థము. రవీంద్రభారతిలో పైడి జైరాజ్ పేర నేర్పడిన చిన్న ప్రదర్శనశాలలో రాష్ట్ర భాషాసాంస్కృతిక శాఖ ‘సినివారం’ అను పేర శనివారములందు క్రొత్తవారి లఘుచిత్రములను చూపెను. అయితే ఇవన్నియు రాజధానిలోనివి.

పల్లెకు తెర తిరిగివచ్చినది 2023లో. అదియును ఎవరును తలపోయని విధమున. యెల్దండి వేణు సిరిసిల్ల ప్రాంతమున తీసిన ‘బలగం’ మార్చి 3వ తేదీన విడుదలై, ఆ నెలలోనే ఇంటర్నెట్టు ద్వారా ఇండ్లకును చేరినది. తాత మరణించుట, పిండమును కాకి ముట్టకుండుట, ఆ నెపమున విడిపోయిన బంధువులు ఒకచోట చేరుట, ఇంతియే కథ. మొగిలయ్య, కొమురమ్మ అను బుడగజంగాల దంపతులు తుదిలో పాడు పాట వినుచు ఏడ్వనివారు లేరని చెప్పుకొనిరి. గ్రామములలో చందాలు వేసికొని, పంచాయతీ ఎదుటను, బడి ఆవరణమునను తెల్లగుడ్డ కట్టి, ఊరందఱును ఒక్కచోట చేరి చూచిరి. ఆ ప్రదర్శనలు చూచి, ఏండ్లుగా పలుకరించుకొనని అన్నదమ్ములు కలిసిరని వార్తాపత్రికలు వ్రాసినవి. ఏ సొసైటీయు, ఏ సమాఖ్యయు దీనిని నడపలేదు.

చిక్కు అక్కడనే వచ్చినది. ఈ చిత్రమును నిర్మించిన సంస్థ దిల్ రాజుది. ఆయన నిజామాబాదు జిల్లా నర్సింగుపల్లి వాస్తవ్యుడు. అనుమతి లేని బహిరంగ ప్రదర్శనలవలన నష్టము కలుగుచున్నదని సంస్థ పక్షమున నిజామాబాదు పోలీసులకు ఫిర్యాదు అందినది. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ఆ ఫిర్యాదు అన్యాయము కాదు. పుస్తకము నచ్చినదని ఊరివారు దానిని అచ్చువేసి పంచినచో రచయిత ఊరకుండునా? మఱియొక వంక, టిక్కెట్టు లేదు, లాభము లేదు, చూచినవారిలో పలువురు హాలునకు పోవు ఓపిక లేని ముదుసళ్లు. ఊరు తన కథను తన నడుమ చూచుకొన్నది. ఈ రెండు న్యాయముల నడుమ మధ్యేమార్గమును చట్టము చెప్పలేదు. చెప్పినవాడు నిర్మాతయే. గ్రామస్థులు చూచుటను ఆపించుట తన ఉద్దేశము కాదనియు, తెలియజేసినచో ప్రదర్శనలు తామే ఏర్పాటు చేయుదుమనియు ఆయన ప్రకటించెను. ఆ వేసవిలో తెరలు దిగలేదు.

2025 ఆగస్టులో ప్రకటింపబడిన 71వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఉత్తమ గీతరచయిత బహుమతి ఈ చిత్రమునందలి ‘ఊరు పల్లెటూరు’ అను పాటకుగాను కాసర్ల శ్యామునకు లభించినది.