పెళ్లి కాని తండ్రి ద్వారా బ్రిటిష్ పౌరసత్వం

బ్రిటన్‌లో పుట్టిన బిడ్డకు తల్లిదండ్రుల్లో ఒక్కరు బ్రిటిష్ పౌరులైనా, శాశ్వత నివాస హక్కు ఉన్నవారైనా పుట్టుకతోనే పౌరసత్వం వస్తుంది. 1983 జనవరి 1 నుంచి అమలులో ఉన్న నియమం ఇది. మరి ఆ ఒక్కరు తండ్రి అయి, తల్లితో ఆయనకు పెళ్లి కాకపోతే? 2006 జూలై 1కి ముందు పుట్టిన బిడ్డకైతే, జనన ధ్రువపత్రంలో పేరున్నా సరే, పౌరసత్వం విషయంలో చట్టం ఆయనను తండ్రిగా లెక్కపెట్టలేదు.

మనవాళ్లకు ఇది వర్తించదులే అనుకోకండి. ఇండియాలో శాస్త్రోక్తంగా జరిగిన హిందూ వివాహం, రిజిస్టరు చేయించకపోయినా, 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం చెల్లుతుంది. కానీ ఇంగ్లండ్‌లో గుళ్లో తాళి కట్టి, చట్టప్రకారం నమోదు తంతు జరిపించకుండా ఊరుకుంటే అది చట్టం దృష్టిలో పెళ్లి కాదు. ఆ సంగతి చాలామందికి పిల్లల పాస్‌పోర్టు దగ్గరే తెలుస్తుంది!

2006 జూలై 1 నుంచి పుట్టినవారికి ఈ తేడా లేదు, తండ్రి ఎవరో రుజువైతే చాలు. పెళ్లి కాని జంట అయితే బిడ్డ జననం నమోదుకు ఇద్దరూ కలిసి వెళ్లడం మంచిది. తల్లి ఒక్కరే వెళితే తండ్రి పేరు మామూలుగా ఎక్కదు.

అంతకుముందు పుట్టినవారికి 2015 ఏప్రిల్ 6న దారి తెరిచారు. తల్లిదండ్రులకు పెళ్లి అయి ఉంటే తమకు పౌరసత్వం వచ్చి ఉండేదని చూపగలిగినవారు యు.కె.ఎఫ్. అనే ఫారంతో నమోదు కోరవచ్చు. వయోపరిమితి లేదు. దరఖాస్తు రుసుము కూడా లేదు, ప్రమాణోత్సవం ఖర్చు మాత్రం పెట్టుకోవాలి. ఇది తెలియక వెయ్యి పౌండ్లకు పైగా పోసి మామూలు నాచురలైజేషన్‌కు వెళ్లడం వృథా. మొదట్లో సత్ప్రవర్తన షరతు ఉండేది. అది వివక్ష అని 2016లో సుప్రీంకోర్టు తేల్చాక, 2019లో తీసేశారు. పుట్టినప్పుడు తల్లి వేరొకరి భార్య అయి ఉంటే ఈ దారి మూసి ఉండేది. 2022లో వారికీ వీలు కల్పించారు.

బిడ్డ ఇండియాలో పుడితే లెక్క వేరు. తండ్రికి శాశ్వత నివాసం ఉంటే చాలదు. ఆయన బ్రిటిష్ పౌరుడై ఉండాలి, అదీ సాధారణంగా వంశపారంపర్యంగా కాక, అక్కడే పుట్టడం వల్లనో నాచురలైజేషన్ వల్లనో అయినవాడై ఉండాలి.

తల్లిదండ్రులు తరువాత పెళ్లి చేసుకున్నారా? అయితే ఫారం నింపే ముందు ఆగండి. ఆ పెళ్లితోనే బిడ్డ చట్టబద్ధ సంతానమై, ఇప్పటికే పౌరసత్వం వచ్చి ఉండవచ్చు. అప్పుడు నమోదు అక్కరలేదు, పాస్‌పోర్టు అడిగితే సరి. ఇలాంటి కేసు న్యాయవాదికి చూపించాలి.

ఆ తేదీకి ముందు పుట్టినవారంతా ఇప్పుడు పెద్దవాళ్లే. కనుక భారత పాస్‌పోర్టు ఉన్నవారు ఒకటి గుర్తుంచుకోవాలి: కోరి విదేశీ పౌరసత్వం తీసుకున్న నాడే భారత పౌరసత్వం పోతుంది. ఆ పాస్‌పోర్టు అప్పగించి, కావాలంటే ఓ.సి.ఐ. కార్డుకు దరఖాస్తు చేసుకోవాలి.