వాయిదా

‘వాయిదా’కు మూలం అరబ్బీ. అక్కడ దాని అర్థం మాట ఇవ్వడం. ఉర్దూ, హిందీల్లో ‘వాదా’ అంటే నేటికీ అదే. తెలుగులోకి వచ్చాక ఇచ్చిన మాట సంగతి మరుగున పడి, వేరే అర్థాలు రెండు నిలిచాయి. నెలనెలా బ్యాంకుకు కట్టేదీ వాయిదాయే, కోర్టు కేసు మరో తేదీకి జరిగినా వాయిదాయే. కట్టడానికీ, కట్టకుండా ఆగడానికీ ఒకే పదం! ఇంటి అప్పు బాకీ పడ్డవాళ్లకు ఆ రెండో అర్థమే అక్కరకొస్తుంది.

ఉద్యోగం పోతుంది, లేదా ఇంట్లో ఎవరికో ఆపరేషన్ అవుతుంది. రెండు కిస్తీలు తప్పుతాయి. బ్యాంకు ఫోనెత్తాలంటే మొహం చెల్లదు. వచ్చిన ఉత్తరం విప్పకుండానే బీరువాలోకి పోతుంది. అదీ వాయిదా వేయడమే, కాకపోతే అవతలివాళ్లకు చెప్పకుండా వేసింది. చెప్పి అడిగితే అందులో పాత అర్థం, ఇచ్చిన మాట, ఇంకా బతికే ఉంటుంది. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. ఆలోపే కారణం రాసిచ్చి, గడువు పెంచి నెల కిస్తీ తగ్గించమని అడగాలి. ఒప్పుకుని తీరాలన్న నిర్బంధం బ్యాంకుకు లేదు. గడువు పెరిగితే మొత్తం వడ్డీ కూడా పెరుగుతుంది. అయినా అడగాలి.

బాకీ పడ్డ ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకుని అమ్మడానికి వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం నడిచేదీ గడువుల మీదే. బాకీ కట్టమంటూ ఇచ్చే 13(2) నోటీసుకు 60 రోజులు. అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఇల్లు స్వాధీనం చేసుకుంటే 45 రోజుల్లోగా రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఈ ట్రిబ్యునళ్లు హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి. అసలు మెలిక 2016 సవరణలో ఉంది. అంతకుముందు అమ్మకం తేదీ వరకూ బాకీ, ఖర్చులు కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు ఉండేది. ఇప్పుడు వేలం ప్రకటన వెలువడితే ఆ హక్కు పోయినట్టే. 2023లో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. ఈ సంగతి తెలియక, వేలం రోజుకు డబ్బు సర్దుకుందామనుకునేవాళ్లను తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

ఇక కట్టలేమని తేలితే, బ్యాంకు రాతపూర్వక అనుమతితో మనమే అమ్ముకోవడం నయం. కొనేవాణ్ణి వెతుక్కునే వ్యవధి ఉంటుంది, బాకీ పోగా మిగిలింది చేతికొస్తుంది.

నోటీసు వచ్చి ఉంటే ముందు దాని మీది తేదీ చూడండి. ఈ వారంలోనే బ్రాంచికి వెళ్లి వాయిదా అడగండి. నోటిమాటగా వద్దు, కాగితం మీద రాసిచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.