ప్రవేశం ఉచితం, ప్రదర్శన హక్కు: ఆర్మూరు ప్రాంత నేపథ్యంలో చిందు భాగవతం – ఒక పరిశీలన

జానపద కళోత్సవాల ఆహ్వాన పత్రాలలో ‘ప్రవేశం ఉచితం’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. ప్రేక్షకుడికి అది వెసులుబాటును తెలిపే మాట. పరిశోధకుడికి మాత్రం అది ఒక ప్రశ్న కావాలి. చూసేవారు చెల్లించనప్పుడు ఆడేవారికి ఎవరు చెల్లిస్తున్నారు? వారు ఏ హక్కుతో అడుగుతున్నారు, వీరు ఏ బాధ్యతతో ఇస్తున్నారు? బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’, ఎస్వీ జోగారావు ‘ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర’ వంటి గ్రంథాలు ఈ రంగంలో పాఠ పరిశీలనకు, రూప పరిశీలనకు పునాదులు వేశాయి. ఆ పునాది మీద నిలబడి, ప్రదర్శన వెనకనున్న ఇచ్చిపుచ్చుకోళ్లను పాఠంతో ముడిపెట్టి చూడటం ఈ వ్యాస లక్ష్యం. ఇందుకు పసుపు పంటకు పేరు పొందిన నిజామాబాద్ జిల్లా ఆర్మూరు ప్రాంతాన్ని నేపథ్యంగా, చిందు భాగవతాన్ని ప్రధానాంశంగా, బతుకమ్మను పోలిక కోసం స్వీకరిస్తున్నాను.

మిరాసి, త్యాగం

తెలంగాణలో అనేక కులాలకు ఆశ్రిత కళాకారులున్నారు. గొల్ల, కురుమలకు ఒగ్గువారు, పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు చిందువారు, డక్కలివారు ఇటువంటివారే. పోషక కులం పుట్టుపూర్వోత్తరాలను గానం చేయడం ఆశ్రిత కులం విధి. ప్రతిఫలంగా త్యాగం ఇవ్వడం పోషక కులం విధి. ఏ కుటుంబానికి ఏయే గ్రామాలలో అడిగే హక్కు ఉందో ముందే పంపకమై ఉంటుంది. ఈ హక్కే మిరాసి. కనుక చిందువారు ఊరికి రావడం యాచన కాదు. తమకు రావలసినదాన్ని రాబట్టుకోవడం. చిందు మేళాన్ని భిక్షుక బృందంగా వర్ణించే రచనలు ఈ భేదాన్ని విస్మరిస్తాయి.

పంటలు ఇళ్లకు చేరి, పనులు తెరపి ఇచ్చిన రోజులలో మేళం గ్రామానికి వచ్చేది. మద్దెల, తాళాలు, హార్మోనియం, కట్టెతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు వారి సామగ్రి. కుటుంబమే బృందం. స్త్రీలు స్త్రీ పాత్రలను మాత్రమే కాక పురుష పాత్రలను సైతం ధరించేవారు. పురుషులే స్త్రీ వేషాలు వేసిన కూచిపూడి సంప్రదాయంతో పోల్చినప్పుడు ఇది గమనార్హమైన విశేషం. రాత్రంతా సాగే ఆటను ఊరంతా చూసేది. చూసేవారిలో త్యాగం ఇచ్చేవారు మాదిగలు. అంటే ఊరికి ఉచితంగా లభించిన వినోదానికి ప్రధానంగా వ్యయం భరించినవారు ఊరిలో అందరికంటె తక్కువ ఆదాయం గలవారు. ‘ఉచితం’ అనే మాట వెనకనున్న మొదటి చారిత్రక సత్యం ఇది.

రెండవ సత్యం మర్యాదకు సంబంధించినది. ఎల్లమ్మ వేషం కట్టిన చిందు కళాకారిణి ముందు కులభేదం లేకుండా మొక్కేవారు. రాత్రి వేషానికి మొక్కిన చేతులే తెల్లవారాక ఆ మనిషిని దూరంగా నిలిపేవి. నిజామాబాద్ జిల్లా జోగిని వ్యవస్థ బలంగా వేళ్లూనిన ప్రాంతాలలో ఒకటి. ఆ వ్యవస్థను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988 నాటి చట్టం నిషేధించింది. దేవత పేరిట స్త్రీకి దక్కిన గౌరవానికి, దేవత పేరిట ఆమె జీవితం మీద పడిన భారానికి మధ్యనున్న దూరాన్ని కూడా ఈ కళ చరిత్రలో భాగంగానే లెక్కించాలి. బోధన్ మండలం అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ (మరణం 2005) దశాబ్దాల పాటు వేషం కట్టి, చిందు భాగవతాన్ని జిల్లా ఎల్లలు దాటించారు. ఆమె కీర్తిని వ్యక్తి ప్రతిభగా మాత్రమే చూస్తే, ఆ ప్రతిభను మోసిన వ్యవస్థ మరుగున పడుతుంది.

మోట ఆగిన తరువాత

మాదిగల త్యాగం ఎక్కడినుంచి వచ్చేది? వారు రైతుకు చేసిన సేవకు కల్లం దగ్గర ముట్టిన ధాన్యం వాటా నుంచి. చెప్పులు, పగ్గాలు, డప్పు మాత్రమే కాదు, బావినుంచి నీరు తోడే మోటకు కావలసిన తోలు పనిముట్లు కూడా వారి చేతి పనే. పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. వానకాలం మొదట్లో విత్తితే, దుంప తవ్వేది చలికాలం చివర. వానలు వెనక్కు తగ్గాక కూడా నెలల తరబడి తడి ఇవ్వాలి. అందువల్ల పసుపు, చెరకు పండే పల్లెలలో మోటకు, మోటను సిద్ధపరిచే మనిషికి ఉన్న ప్రాధాన్యాన్ని సులభంగా ఊహించవచ్చు.

ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో విద్యుత్ మోటార్లు మోటను తొలగించాయి. కార్ఖానా చెప్పులు చేతి చెప్పులను వెనక్కు నెట్టాయి. రైతుకు నీటి శ్రమ తగ్గింది. మాదిగకు కల్లం వాటా అడిగే ఆధారం సడలింది. వాటా సడలితే త్యాగం సడలుతుంది. త్యాగం సడలితే మిరాసి గ్రామాలు పేరుకు మాత్రమే మిగులుతాయి. చిందు భాగవతం క్షీణతకు సినిమాను, టెలివిజన్‌ను కారణాలుగా చెప్పడం పరిపాటి. వాటి ప్రభావాన్ని కాదనలేము. అయితే ప్రేక్షకుడు దూరం కావడానికి, పోషకుడు చేతకానివాడు కావడానికి తేడా ఉంది. ప్రేక్షకుడు తిరిగి రావచ్చు. కల్లం తిరిగి రాదు.

బతుకమ్మ: పోషకుడు లేని పండుగ

ఇదే నేలమీద మరొక రకమైన ఉచితత్వం బతుకమ్మలో కనిపిస్తుంది. ఇక్కడ కళాకారులు, ప్రేక్షకులు అనే విభజన లేదు. ఒకరు పాట ఎత్తుకుంటే మిగిలినవారు అందుకుంటారు, ఎత్తుకునేవారు మారుతుంటారు. తంగేడు, గునుగు బీళ్లలోను, చేలగట్లమీద వాటంతట అవే పూచేవి. పైన నిలిపే గౌరమ్మ పసుపు ముద్ద. ఆర్మూరు చేలలో పసుపు పచ్చగా ఎదుగుతున్న కాలంలోనే, నిరుటి పంట పసుపు ఇళ్లలో గౌరమ్మ అవుతుంది. ఇక్కడ త్యాగం లేదు, మిరాసి లేదు. ప్రతి స్త్రీ తన పాటను తానే తెస్తుంది, తానే పంచుతుంది. ఈ వలయం వాడవాడకూ వేరుగా ఏర్పడిన కాలాలున్నాయన్నది మరువరానిది. అయినా రూపం దృష్ట్యా ఇది ఎవరికీ బాకీ పడని కళ.

2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. 2016లో హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో తొమ్మిది వేలకు పైగా స్త్రీలు ఒక్కచోట ఆడారు. అంత పెద్ద వలయంలో పాట ఎత్తుకునే గొంతు అందరికీ వినిపించాలంటే ధ్వనివర్ధకం తప్పనిసరి. వాడలలో సైతం ముందే రికార్డు చేసిన పాటలకు అడుగులు వేయడం పెరిగింది. అప్పుడు అందుకునేవారు మిగులుతారు, ఎత్తుకునేవారు మిగలరు.

వేదిక అడగనిది

చిందు విషయంలో మార్పు మరింత లోతైనది. మాదిగవాడలో చిందువారు తప్పనిసరిగా ఆడవలసినది జాంబపురాణం. సృష్టి ఆరంభంలోనే ఆదిజాంబవుడు ఉన్నాడని, కులాల పెద్దరికం ఎక్కడిదని బ్రాహ్మణ పాత్రను నిలదీసే సంవాదం అందులో ప్రాణం. తన మూలాన్ని తాను వినే హక్కు కోసమే పోషకుడు త్యాగం ఇచ్చాడు. ప్రహ్లాద, సతీసావిత్రి వంటి కథలను ఊరంతా అడగవచ్చు. జాంబపురాణాన్ని అడిగేవాడు ఒక్కడే.

ఇప్పుడు చెల్లించేది ప్రభుత్వమో, ఉత్సవ సంఘమో అయింది. వరంగల్లులోని జానపద గిరిజన విజ్ఞాన పీఠం వంటి సంస్థలు అధ్యయనాన్ని ముందుకు తీసుకువెళ్లాయి. తెలంగాణ సాంస్కృతిక సారథి 550 మంది కళాకారులకు వేతనం కల్పించింది. 2024లో జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ లభించింది. ఇవన్నీ స్వాగతించదగినవే. కుల దాస్యం లేని వేతనం మిరాసికంటె గౌరవప్రదమైనది. అయితే ఉత్సవ వేదిక కొద్ది నిమిషాలలో రంగును, అడుగును, వేషాన్ని చూపించగలదు. రాత్రంతా తర్కించే సంవాదానికి అక్కడ చోటు ఉండదు. చెల్లించేవారు మారినప్పుడు ప్రదర్శన పట్టిక మారుతుంది. ఆ పట్టికలోనుంచి మొదట జారిపోయేది, కొత్త పోషకుడికి సంబంధం లేని పురాణమే.

ముగింపు

2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీపడ్డారు. వారిలో 170 మందికి పైగా రైతులు. పసుపు బోర్డు, గిట్టుబాటు ధర వారి డిమాండ్లు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో ప్రారంభమైంది. పంటకు ధర అడగడాన్ని ఈ నేల అవమానంగా భావించలేదు. ఆటకు ధర అడగడాన్ని మాత్రం మనం ఇంకా యాచనగానో, ఉచిత సేవగానో చూస్తున్నాం.

కనుక జానపద ప్రదర్శనను నమోదు చేసేటప్పుడు పాఠంతో పాటు మూడు విషయాలను రాసుకోవడం అవసరం: ఆడించినది ఎవరు, ఇచ్చినది ఎంత, విడిచిపెట్టిన భాగం ఏది. మూడవ ప్రశ్నకు జవాబు దొరకాలంటే మిరాసి గ్రామాలలో రాత్రంతా ఆడిన తరం నోటినుంచే దొరకాలి. ఆ తరం వయసు పైబడుతోంది. ఉత్సవ ప్రాంగణంలో కుర్చీ వేసుకుని కూర్చున్న పరిశోధకుడికి ప్రవేశం ఉచితమే. అక్కడ ఆడని జాంబపురాణం మాత్రం అతనికి వినిపించదు.