నీళ్లలో నుండి తీసిన ఫిరంగి

మోషే, అహరోను, యెహోషువ అనే పేర్లు మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఒక కోటలో మూడు ఫిరంగులకు ఈ పేర్లే పెట్టారు.

నార్వే రాజధాని ఓస్లో రేవుకు ఓడలు పొడవైన సముద్రపాయ గుండా వెళ్లాలి. ఆ పాయ బాగా ఇరుకైన చోట, డ్రోబాక్ పట్టణానికి ఎదురుగా, చిన్న దీవి మీద ఆస్కార్స్‌బోర్గ్ కోట ఉంది. 1893లో అక్కడ జర్మనీలో తయారైన 28 సెంటీమీటర్ల ఫిరంగులు మూడు బిగించారు. దించుతుండగా ఒకటి నీళ్లలో పడిందట. పైకి లాగి దానికి మోషే అని పేరు పెట్టారు. ఎందుకో నిర్గమకాండము చదివినవారికి చెప్పనక్కరలేదు.

1940 నాటికి ఆ ఫిరంగులు పాతబడిపోయాయి. కోట అధిపతి కర్నల్ బిర్గెర్ ఎరిక్సెన్ వయసు 64. సైనికుల్లో చాలామంది వారం క్రితం చేరిన కుర్రాళ్లు. ఏప్రిల్ 9 తెల్లవారుజామున చీకట్లో పెద్ద ఓడలు వస్తున్నాయి. ఎవరివో స్పష్టంగా తెలియదు, కాల్చమని పైనుంచి ఆజ్ఞ కూడా లేదు. ఫిరంగులకు మనుషులు చాలక వంటవాళ్లను కూడా పిలిచారు. యెహోషువ దగ్గర నిలబడడానికి మాత్రం ఎవరూ మిగల్లేదు.

4 గంటల 21 నిమిషాలకు ఎరిక్సెన్ కాల్చమన్నాడు. మోషే, అహరోను ఒక్కొక్క గుండు పేల్చాయి. రెండూ తగిలాయి. ఆ తర్వాత పక్క దీవిలో రహస్యంగా దాచిన పాత టార్పెడోలు తగిలి, జర్మనీవారి సరికొత్త యుద్ధనౌక బ్లూషర్ మునిగిపోయింది. మండుతున్న చమురులో, మంచులాంటి నీళ్లలో వందలమంది చనిపోయారు. వాళ్లూ తల్లులు కన్న బిడ్డలే. ఈ సంగతి మనం సంతోషంతో చెప్పుకొనేది కాదు.

మరుసటి రోజే కోట లొంగిపోయింది. నార్వే అయిదేళ్లు పరాయి పాలనలో నలిగింది. అయితే ఆ ఉదయం దొరికిన కొద్ది గంటల్లో రాజు 7వ హాకోన్, మంత్రులు, పార్లమెంటు సభ్యులు ఓస్లో విడిచి వెళ్లగలిగారు. దేశపు బంగారం కూడా తప్పించారు. శత్రువు చెప్పిన ప్రభుత్వాన్ని నియమించనని రాజు మరునాడే తేల్చి చెప్పాడు. 1945 జూన్ 7న తిరిగి తన దేశంలో అడుగుపెట్టాడు.

ఇప్పుడు ఆ కోట మ్యూజియం. మోషే ఇంకా అక్కడే ఉన్నాడు.

కోట యుద్ధాన్ని గెలవలేదు, కొన్ని గంటలు సంపాదించి పెట్టిందంతే. పెద్ద వయసు వచ్చిందనీ, వంటపని తప్ప ఏమీ రాదనీ వెనక కూర్చునేవారు మనలో ఉన్నారు. ఆ తెల్లవారుజామున నిలబడింది అలాంటివారే.