అంధుల యంగమర్దన విద్య

అంధుని వ్రేళ్లలో నేర్పు కనబడినపుడు, కన్నులు తీసికొన్న దేవుడు చేతులకు చూపునిచ్చినాడని లోకు లందురు. ఇది పొగడ్తవలెనే తోచును. కాని యా నేర్పునకై యతడు పడిన శ్రమ నీ మాట కప్పిపుచ్చుచున్నది. నేర్చి సంపాదించినదానికి గదా గౌరవము! ఈ విషయమున జపాను దేశచరిత్రము పరిశీలింపదగియున్నది.

ఆ దేశమున మధ్యయుగమునుండి అంధులకు తోదోజా యను వృత్తిసంఘ ముండెను. బీవా యను తంత్రీవాద్యమును మీటుచు వీరగాథలు గానము చేయువారు దాని కాద్యులు. పిమ్మట సూచీవైద్యులును, అన్మ యనబడు నంగమర్దనము చేయువారును అందు చేరిరి. సంఘములోని పదవులకు ధనము చెల్లింపవలసియుండుటచే పేదలు క్రిందిమెట్టుననే నిలిచిపోయెడివారు. రాత్రివేళల ఎడో నగరపు వీధులలో ఈలయూదుచు పని వెదకికొనుచుండెడివారు.

వీరి వృత్తిని శాస్త్రముగా నిలిపినవాడు సుగియామా వాయిచి (1610–1694). సమురాయి కుటుంబమున జనించి బాల్యముననే చూపు గోల్పోయిన యీతనిని, మందబుద్ధియని గురువు వెడలగొట్టెనట. ఎనోషిమా ద్వీపమున బెంజయితెన్ దేవి సన్నిధిని ఉపవాసము చేసి మరలివచ్చుచు, రాతికి తట్టుకొని పడగా, చుట్టుకొన్న యాకులో నిమిడిన సూదివంటి చెట్టాకు గ్రుచ్చుకొని నూతనమైన యూహ పుట్టెనని కథ. ఈ దేవి మరెవరో కాదు. బౌద్ధముతో నా దేశమునకు బోయిన మన సరస్వతియే. కథ యెట్లున్నను గొట్టపుసూది మాత్రము నిజము. సన్నని గొట్టములో సూది నుంచి, పైకి రవంత నిలిచిన దాని తలను వ్రేలితో తట్టినచో, అది వంగక, నొప్పి యంతగా తెలియక చర్మమున దిగును. అంధుని యవసరమునుండి పుట్టిన యీ పద్ధతిని నేడు చూపుగల వైద్యులును అనేకదేశములలో నవలంబించుచున్నారు.

షోగను త్సునయోషికి చికిత్స చేసి మన్నన పొందిన వాయిచి, 1682 ప్రాంతమున అంధులకు సూచీచికిత్సయు మర్దనమును నేర్పు పాఠశాలను స్థాపించెను. పారిసునగరమున వాలంతీన్ హాయి అంధపాఠశాల వెలసినది 1785లో. అంతకు నూరేండ్లకు పూర్వపు మాట యిది. వరమని చెప్పబడిన నేర్పు పాఠముగా మారుటయే యిందలి విశేషము. ఒకనికి దేవి యిచ్చినది ఇతరులకు దక్కకపోవచ్చును. గురువు నేర్పినది శ్రద్ధగల ప్రతివానికిని దక్కును.

1871లో నూతనప్రభుత్వము తోదోజాను రద్దుచేసెను. సంఘపు టన్యాయములతోపాటు అంధుల కున్న యండయు పోయెను. అయినను విద్య నశింపలేదు. 1911లో ఈ వృత్తికి పరీక్షయు అనుజ్ఞాపత్రమును ఏర్పడినవి. నేటికిని అచ్చటి అంధపాఠశాలలలో శరీరనిర్మాణమును రోగలక్షణములను మూడేండ్లు చదివి, రాజ్యపరీక్షలో గెలిచినగాని మర్దకుడు కాజాలడు. చూపుగలవారి పోటీవలన అంధుల జీవనము చెడకుండ, వారికై క్రొత్త మర్దనపాఠశాలలు పెట్టుటకు 1964లో శాసనము అడ్డుకట్ట వేసెను. అది న్యాయసమ్మతమే యని 2022లో అత్యున్నత న్యాయస్థానము తీర్మానించెను.

అయితే రక్షణము కొందరికి సంకెలయు కావచ్చును. హనవా హోకియీచి (1746–1821) యను అంధబాలునికి మొదట మర్దనమును సూచీచికిత్సయు నేర్పజూచిరి. అవి యాతనికి అలవడలేదు. గురువు కోపింపక, అతని యాసక్తి నెరిగి, చదువునకు తోడ్పడెను. ఇతరులు చదువగా విని జ్ఞాపకముంచుకొని, వేయికి మించిన ప్రాచీనగ్రంథములను గున్షో రుయిజూ యను మహాసంకలనముగా ముద్రింపించిన పండితు డాతడే. అంధుడైన ప్రతివాడును మర్దకుడే కావలెనని ఆ గురువు పట్టుపట్టియుండినచో ఆ దేశమున కెంత నష్టము!

కావున మర్దకుని చేతిక్రింద మన నొప్పి తగ్గినపుడు, చూపు లేకున్నను ఎంత చక్కగా చేసినాడని యాశ్చర్యపడుట చాలదు. బాగుగా నేర్చినాడని గుర్తించి, నేర్చినవాని కీయవలసిన ప్రతిఫలమును బేరములేక ఈయవలెను. అంధబాలునికి గురువును, పాఠశాలను, పరీక్షను సమకూర్చవలెను. అన్నిటికంటె ముందు, నీ వేమి నేర్వగోరెదవని యాతనినే యడుగవలెను.